మారుముద్ర కింద ముఖం

తల్లి పేరు ముందు పెట్టుకున్న రాజు అనగానే మన సభల్లో చప్పట్లు మోగుతాయి. మార్చి 8న వేదిక ఎక్కిన ఏ పెద్దమనిషీ ఈ మాట అనకుండా దిగడు. రెండువేల ఏళ్ల కిందటే మన గడ్డ మీద స్త్రీకి ఎంత గౌరవం ఉండేదో చూడండి, గౌతమీపుత్ర శాతకర్ణి తన పేరుకి ముందు అమ్మ పేరు పెట్టుకున్నాడు, ఇంక మీకు ఈ స్త్రీవాదాలెందుకు అన్నట్టు మా వైపు ఒక చూపు. 2017 సంక్రాంతికి ఆ రాజు మీద సినిమా వచ్చిన తర్వాత ఈ ధోరణి మరీ ముదిరింది. పొన్నూరులో విన్నాను, గుంటూరులో విన్నాను, ఆడపిల్లల కాలేజీల్లో విన్నాను. విన్న ప్రతిసారీ ఒకటే అడగాలనిపిస్తుంది. ఇంతకీ ఆ తల్లి పేరేమిటి?

గౌతమి అంటారు. గౌతమి ఆమె పేరు కాదు. అది ఆమె పుట్టింటి గోత్రం, అంటే ఆమె తండ్రి గోత్రం. ఆమె పేరు బాలశ్రీ. కొడుకు నాణెం మీద "గోతమిపుత" అని ఉంది గాని, బాలశ్రీ అన్న పేరు లేదు. కొడుకు పేరుకి ముందున్నది ఒక స్త్రీ పేరు కాదు, ఆ స్త్రీని కన్న మగవాడి గోత్రానికి స్త్రీలింగ ప్రత్యయం. వాసిష్ఠీపుత్రుడూ అంతే, మాఠరీపుత్రుడూ అంతే. వసిష్ఠ గోత్రపు ఆడపిల్ల కొడుకు, మాఠర గోత్రపు ఆడపిల్ల కొడుకు. ఆ ఆడపిల్ల ఎవరో నాణెం చెప్పదు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి లేకపోలేదు. పెళ్లితో భార్య భర్త గోత్రంలోకి మారిపోవాలని ధర్మశాస్త్రాలు చెబుతుంటే, శాతవాహన రాణులు పుట్టింటి గోత్రాన్ని వదులుకోలేదు. చరిత్రకారులు దీన్ని ఎత్తి చూపారు, మంచిదే. కానీ దాన్నిబట్టి మాతృస్వామ్యం అని ఎగరడానికి వీల్లేదు. రాజ్యం తండ్రి నుంచే వచ్చేది. రాజుకి అనేకమంది భార్యలుంటే ఏ కొడుకు ఏ భార్య కొడుకో తెలియడానికి తల్లి గోత్రం పనికొచ్చేది. అదీగాక ఈ పద్ధతి మన రాజు కనిపెట్టిందీ కాదు. అంతకు ముందే విదిశ దగ్గర హెలియోడోరస్ గరుడస్తంభం మీద కాశీపుత్ర భాగభద్రుడనే రాజున్నాడు. బార్హుత్ స్తూప తోరణం మీద వరసగా గార్గీపుత్రులూ వాత్సీపుత్రులూ ఉన్నారు. వాడుకలో ఉన్న పద్ధతిని ఒక కొడుకు మాతృభక్తిగా మార్చి మనకి అమ్ముతున్నారు.

బాలశ్రీ పేరు మనకెలా తెలిసింది? ఆమె రాయించుకుంది గనక తెలిసింది. నాసిక్ దగ్గర త్రిరశ్మి కొండ మీద భిక్షువులకి గుహ తొలిపించి దానమిస్తూ, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట, గోడ మీద తన పేరుతో శాసనం చెక్కించింది. అప్పటికి కొడుకు లేడు. ఆమె ఆ రాయి మీద పేరు వేయించుకోకపోతే ఇవాళ ఆమె కూడా వట్టి "గౌతమి"గానే మిగిలేది.

ఇక ఆ కొడుకు నాణేల సంగతి చూడాలి. పేరు పెట్టడం, పేరు చెరపడం అనే పని ఎలా జరుగుతుందో వాటికంటే బాగా చెప్పేవి లేవు.

1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబి గ్రామంలో వెండి నాణేల నిధి ఒకటి బయటపడింది. 13,250కి పైగా నాణేలు. అన్నీ క్షహరాట వంశపు క్షత్రపుడు నహపాణుడివి. ఒకవైపు అతని తల, చుట్టూ గ్రీకు అక్షరాలు, రెండోవైపు బాణం, వజ్రాయుధం, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపుల్లో పేరు. వాటిలో 9,270 దాకా నాణేల మీద మళ్లీ ముద్ర కొట్టి ఉంది. నహపాణుడి ముఖం మీద మూడు వంపుల చైత్యం, దాని కింద పారే గీత, చుట్టూ "రాజు గోతమిపుత సిరి సాతకణిది" అని ప్రాకృతంలో పేరు. వెనక వైపు బాణం, వజ్రాయుధాల మీద ఉజ్జయిని గుర్తు. నిధిలో మూడింట రెండు వంతుల నాణేలు ఇలా మారుముద్ర పడినవే.

మారుముద్ర అంటే పాత నాణేన్ని కరిగించకుండానే కొత్త అచ్చు కింద పెట్టి సుత్తితో కొట్టడం. కరిగించి కొత్త బిళ్లలు పోయడానికి కొలిమి కావాలి, తూకం కావాలి, రోజులు కావాలి. మారుముద్రకి రెండు అచ్చులూ ఒక సుత్తీ చాలు. వెండి అదే, బరువు అదే, గుండ్రం అదే. మారేది ముఖం ఒక్కటే. దెబ్బ గట్టిగా, తిన్నగా పడితే పాత ముద్ర పూర్తిగా అణిగిపోతుంది. పడకపోతే కింద నుంచి ఒక ముక్కు, ఒక చెవి, నాలుగు గ్రీకు అక్షరాలు తొంగి చూస్తూనే ఉంటాయి. జోగల్‌తంబి నాణేల్లో చాలావాటి మీద నహపాణుడు అలాగే తొంగి చూస్తున్నాడు, చైత్యం వంపుల మధ్య నుంచి.

ఇది ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. ఇటలీ దక్షిణాన గ్రీకులు కట్టుకున్న మెటపాంటం పట్నం, కోరింత్ నుంచి వచ్చిన రెక్కల గుర్రం వెండి నాణేల మీద తన బార్లీ వెన్ను ముద్ర కొట్టుకుంది. క్రీ.శ. 132-135 మధ్య రోమ్ మీద తిరగబడ్డ యూదులు చక్రవర్తుల ముఖాలున్న నాణేల మీద, రోమన్లు కూల్చేసిన తమ ఆలయం బొమ్మ కొట్టారు. కొట్టేవాడు ఎప్పుడూ గెలిచిన రాజే కానక్కర్లేదు. సుత్తి ఎవరి చేతిలో ఉంది, ఎవరి ముఖం మీద పడుతోంది అన్నదే చూడాలి.

నాణేల శాస్త్రంలో దీనికి ఒక సూత్రం ఉంది. అడుగున ఉన్న ముద్ర ఎప్పుడూ ముందుది. వాదన అవసరం లేదు, సాక్షి అవసరం లేదు. నహపాణుడి తర్వాతే శాతకర్ణి ఆ వెండిని తనది చేసుకున్నాడని తేల్చింది ఈ మారుముద్రలే. చెరపడానికి చేసిన పనే చెరిపిన దానికి రుజువై కూర్చుంది. ఈ సూత్రం పట్టుకుని మన సాహిత్య చరిత్ర దగ్గరికి రండి.

తెలుగులో తొలి ఆధునిక కథ ఏది అంటే బళ్లో పిల్లవాడు కూడా గురజాడ "దిద్దుబాటు" అంటాడు. అది 1910లో వచ్చింది. ఆ లెక్కన 2010లో తెలుగు కథకి నూరేళ్లని పండగలు చేశారు. పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ కథ "ధనత్రయోదశి" అచ్చయింది 1902లో. ఎనిమిదేళ్లు ముందు. 1901లోనే "అబలా సచ్చరిత్ర రత్నమాల" అని దేశంలోని స్త్రీల చరిత్రలు రాసిన మనిషి ఆమె. ఆడవాళ్లకి చరిత్ర లేదనే వాళ్లకి అప్పుడే జవాబు చెప్పి, 1905లో, ముప్పై ఒకటో ఏట పోయింది.

ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మన విమర్శకుల దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. అచ్చమాంబ కథలో శిల్పం లేదండీ, నీతి ఎక్కువండీ, తేదీ ఒక్కటే చాలదు కదండీ అంటారు. సరే, తేదీ ముఖ్యం కానప్పుడు నూరేళ్ల పండగ ఎందుకు చేసినట్టు? నూరేళ్లంటే తేదీ లెక్కే కదా. గురజాడ గొప్పవాడు కావడానికి మొదటివాడు కావలసిన పని లేదు. ఆయన గొప్పతనం ఆ కథలోనే ఉంది. కానీ "మొదటి" అన్న మాట కావాలి, ఆ మాట కింద ఉన్న మనిషి అక్కర్లేదు. తేదీ మగవాడికి అనుకూలిస్తే చరిత్ర, స్త్రీకి అనుకూలిస్తే శిల్పం. ఈ తక్కెడ ఎంతకాలం?

ముద్దుపళని సంగతి ఇంకా స్పష్టం. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో 18వ శతాబ్దంలో ఉన్న ఈ కవయిత్రి రాసిన "రాధికాసాంత్వనం" 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో అచ్చయింది. అందులో కొన్ని పద్యాలు లేవు. అంతకంటే ముఖ్యంగా, ముద్దుపళని తన నాయనమ్మ తంజనాయకి మొదలుగా తన వాళ్లను గురించి చెప్పుకున్న పీఠిక లేదు. కావ్యం ఉంచి, కవయిత్రి వంశాన్ని కోసేశారు. వెండి ఉంచుకుని ముఖం అణగగొట్టడం అంటే సరిగ్గా ఇదే. తర్వాత వీరేశలింగం గారు ఆమెను వేశ్య అని, కావ్యం అసభ్యమని ఈసడించారు. అలాంటి శృంగారమే మగ కవులు రాస్తే ప్రబంధం అయింది, ఈవిడ రాస్తే బూతయింది.

తాళపత్ర ప్రతి సంపాదించి, పోయిన పద్యాలూ పీఠికా చేర్చి, 1910లో వావిళ్ల వారి చేత పూర్తి గ్రంథం అచ్చువేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. అదే 1910. ఆ ఏడు దిద్దుబాటుకి పండగ అయింది గాని నాగరత్నమ్మ చేసిన దిద్దుబాటుకి కాలేదు. పీఠికలో ఆమె వీరేశలింగం గారినే నిలదీసింది. ఫలితం, 1911లో ఆంగ్ల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రధానిగా ఉండగా 1947లో ఆ నిషేధం తొలగింది. 1952లో మళ్లీ అచ్చయింది, ఆ ఏడే నాగరత్నమ్మ పోయింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల సంకలనం వచ్చేదాకా విశ్వవిద్యాలయాల్లో ఈ కథ ఎంతమందికి తెలుసు?

నాగరత్నమ్మ నాణేల పండితురాలు చేసే పనే చేసింది. పైముద్ర పక్కకి అడుగుముద్రను వెలుతురులో పెట్టి చూపించింది. ఆ పనికి ఒక దేవదాసి పూనుకోవలసి వచ్చింది. పండితులకి చేతకాక కాదు, అక్కర లేక.

ఇవన్నీ పుస్తకాల గొడవలు, ఊళ్లో ఆడవాళ్లకేం పట్టింది అనేవాళ్లుంటారు. మా ఊళ్లో ఇళ్లలోకి రండి. మా అమ్మకి పుట్టింట్లో ఒక పేరు. కాపురానికి వచ్చేసరికి అత్తగారిదీ అదే పేరు. అత్తని పిలిచినట్టు కోడల్ని పిలుస్తారా అని, పెళ్లి పీటల మీద నుంచి లేచేలోపే కొత్త పేరు పెట్టేశారు. అడగలేదు, చెప్పారు. ఓటరు జాబితాలో, రేషన్ కార్డులో, మా బడి దరఖాస్తుల్లో ఆ కొత్త పేరే. ఆమె అన్నదమ్ములు మాత్రం చివరిదాకా పాత పేరుతోనే పిలిచేవాళ్లు. ఫోనులో ఆ పేరు వినపడగానే అమ్మ గొంతు మారేది. పెద్దకర్మ కార్డు వేయించేటప్పుడు రెండు పేర్లూ వేయిద్దామన్నాను. "అదెవరో అనుకుంటారే, ఎందుకు తికమక" అన్నాడు మా బాబాయి. ఒక్క పేరే పడింది. అమ్మని పద్దెనిమిదేళ్లు మోసిన పేరు కార్డు మీద తికమక కింద జమైంది.

నా వంతూ వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక సంకలనంలో నా వ్యాసం వేస్తూ నా పేరుకి ముందు మా ఆయన ఇంటిపేరు తగిలించారు. నేను ఆ పేరుతో ఎప్పుడూ రాయలేదు. ఎందుకిలా చేశారని అడిగితే, "గౌరవంగా ఉంటుందనమ్మా" అన్నారు. గౌరవం అన్న మాట వినగానే నాకు జోగల్‌తంబి గుర్తొస్తుంది. కరిగించడానికి తీరిక లేనప్పుడు మారుముద్ర కొడతారు. రాసిన చెయ్యి నాది, రాత్రులు నావి, పేరు ముందు ముద్ర ఇంకొకరిది.

పొలానికి వెళ్లండి. మా పొన్నూరు చుట్టూ వరి, మినుము. పడమటికి పోయేకొద్దీ పత్తి, మిర్చి. నాటేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, మిరపకాయ కోసేది, చేతులు మండుతుంటే తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. రైతు అనగానే మన కంటికి కనబడేది తలపాగా ఉన్న మగవాడు. ఆవిడ పేరు మీద పట్టాదారు పాస్ పుస్తకం ఉండదు, ఉన్నా అది సీలింగు కోసమో రుణం కోసమో. పంట వెండి, పేరు పైముద్ర.

ఇక్కడ మన వాళ్లతో కూడా ఒక మాట తెగేసి చెప్పాలి. మనలో కొంతమంది ఆనాటి రాజవంశాల స్త్రీలను చూపించి స్వర్ణయుగం కడుతున్నారు. నానేఘాట్ శాసనం, నాసిక్ శాసనం, నాగార్జునకొండలో మహాచైత్యం కట్టించిన చాంతిశ్రీ. వీటిని చదవాలి, పిల్లలకి చెప్పాలి. నానేఘాట్ గుహలో చెక్కిన బొమ్మల పైన "దేవి నాయనికది, రాజు సిరి సాతకనిది" అని రాణి పేరే ముందు ఉందని చెబితే నాకూ సంతోషమే. కానీ బాలశ్రీ శాసనం పూర్తిగా చదవండి. కొడుకుని ఆ తల్లి దేనికి మెచ్చుకుంటోంది? క్షహరాట వంశాన్ని మిగలకుండా చేసినందుకు. నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపినందుకు. వర్ణసంకరం ఆపడమంటే ఏమిటి? ఏ ఆడది ఎవరితో పడుకోవచ్చో, ఎవరి పిల్లల్ని కనవచ్చో రాజు కాపలా కాయడం. కులం తక్కువ అల్లుణ్ణి చంపించిన తండ్రుల్ని చూస్తున్న కాలంలో ఆ వాక్యాన్ని దాటేసి తల్లి గౌరవం దగ్గర ఆగిపోవడం ఎవరికి మేలు?

ఆ వాక్యం బతికిన కాలం కూడా ఎంతో కాదు. అదే వంశంలో వాసిష్ఠీపుత్ర సాతకర్ణి శక మహాక్షత్రపుడి కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. కన్హేరి శాసనం ఆ సంగతి చెబుతుంది. కార్దమక రాజుల వంశంలో పుట్టినది, మహాక్షత్రపుడి కూతురు, సాతకర్ణి దేవి అని వరసగా ఉంది. రాయి పగిలిన శాసనంలో ఆమె సొంత పేరు మాత్రం మనకి మిగల్లేదు. రెండు రాజ్యాల మధ్య నడిచిన ఆ అమ్మాయికి తండ్రి వంశం ఉంది, మొగుడి పేరుంది. ఓడిన వాళ్ల వైపు కూడా ఒక కూతురుంది. నహపాణుడి కూతురు దక్షమిత్ర నాసిక్ గుహల్లోనే ఒక గది దానమిచ్చి తన పేరు రాయించుకుంది. తండ్రి నాణేలు సుత్తి కిందికి వెళ్లాయి, కూతురి పేరు గోడ మీద నిలిచింది. బాలశ్రీ గుహకీ దక్షమిత్ర గదికీ మధ్య దూరం ఒకే కొండ మీద కొన్ని అడుగులు. స్త్రీల చరిత్ర రాసేవాళ్లు గెలిచిన తల్లిని మాత్రమే చూసి వెనక్కి తిరిగి రాకూడదు.

మన ఉద్యమానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. 1993లో "నీలిమేఘాలు" వచ్చినప్పుడు స్త్రీల గొంతు అని సంబరపడ్డాం, సబబే. పదేళ్లకి, 2003లో, గోగు శ్యామల "నల్లపొద్దు" తెచ్చి 1921 నుంచి దళిత స్త్రీలు రాస్తూనే ఉన్నారని చూపించింది. స్త్రీ అన్న ఒకే ముద్ర కింద ఎన్ని ముఖాలు అణిగి ఉన్నాయో ఆ పుస్తకం లెక్క చెప్పింది. అప్పుడు కొందరు అన్నారు, ఉద్యమాన్ని చీలుస్తున్నారని. నాణెం చీలలేదు, అడుగుముద్ర కనబడింది, అంతే. అచ్చమాంబ తేదీ కోసం మగ విమర్శకుడితో పోట్లాడే మనం, దళిత స్త్రీ తేదీ చెబితే చిన్నబుచ్చుకుంటే ఆ పోట్లాటకి అర్థం లేదు.

పొన్నూరు నుంచి గుంటూరు పోయే దారిలో చేబ్రోలు ఉంది. శాతవాహన విజయుడి కాలపు సంస్కృత శాసనం అక్కడ దొరికిందని, అందులో సప్తమాతృకల ప్రస్తావన ఉందని 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. మా ప్రాంతంలో అందరూ గర్వపడ్డారు. అమ్మల్ని పూజించడం మనవాళ్లకి కొత్తేం కాదు, ఎప్పుడూ కష్టమూ కాలేదు. పూజకి పేరు అక్కర్లేదు, "అమ్మ" అంటే చాలు. పాఠ్యపుస్తకంలో తేదీ దిద్దమంటే, పాస్ పుస్తకంలో పేరు రాయమంటే, సంకలనంలో ఇంటిపేరు తీయమంటే అప్పుడు తెలుస్తుంది కష్టం.

అందుకని ఆ వేదికల మీది పెద్దమనుషులకి చెప్పేది ఇది. మీ రాజు తల్లి గురించి మాట్లాడదలిస్తే బాలశ్రీ అనండి. ఆమె శాసనంలో వర్ణాల వాక్యం కూడా చదివి వినిపించండి. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు "తొలి కథ" అన్న చోట 1902 అని, భండారు అచ్చమాంబ అని రాయండి. మీకు శిల్పం మీద అంత పట్టుంటే "దిద్దుబాటు" గురించి ఇంకో పేజీ రాయండి, ఎవరూ వద్దనరు. సంపాదకులు రచయిత్రి తన పేరు ఎలా రాసి పంపిందో అలాగే వేయండి. ఇక రాసేవాళ్లం, పరిశోధనలు చేయించేవాళ్లం మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి విద్యార్థిని చేతా వాళ్ల ఇంట్లో ముందు తరం ఆడవాళ్ల పుట్టింటి పేర్లూ అత్తింటి పేర్లూ పక్కపక్కన రాయించండి. రెండు కాలాలు, ముందు పేరు, తర్వాత పేరు, మార్చింది ఎవరు, ఏ ఏట. అమ్మమ్మలు బతికి ఉండగానే అడగాలి.